తొట్టి ఖాళీ లేదు

యాభయ్యేళ్ళు నిండాయని
డిపోలో అందరూ చందాలేసి ఇచ్చారు.
వంగపండు రంగు పెట్టె, పట్టు రిబ్బను,
లోపల ఎండుగడ్డి పరుపు మీద
పురిటిబిడ్డల్లా పడుకున్న సీసాలు.

మృత సముద్రపు ఉప్పట.
ఏదో అగ్నిపర్వతం కింది బంకమట్టట.
వెన్న అని రాసుంది గానీ తినేది కాదట.
వేలెడంత సీసాలో గులాబీ నూనె.
ధరలు నేనడగలేదు,
బొజెనా చెప్పకుండా ఉండలేదు.

బ్ర్నో ఊళ్ళో ట్రామ్ నడిపే చేతులు నావి.
ఇరవై రెండేళ్ళుగా అదే మీట పట్టుకుని
కుడి అరిచేతిలో కాయ కాసింది.
ఏ వెన్నకి లొంగుతుందో చూద్దాం అనుకున్నాను.

డిసెంబరు ఇరవై రెండు. సెలవు రాత్రి.
లుబోష్ బీరుకి వెళ్ళాడు.
ఫోను బట్టల అలమరలో పడేసి
భుజాన తువ్వాలు, చేతిలో వెలిగించిన కొవ్వొత్తి,
చంకలో పెట్టె,
మోచేత్తో స్నానాలగది తలుపు తోస్తే

తొట్టిలో చేప.

పండక్కి ముందు
వీధి మలుపులో నీలం డ్రమ్ముల దగ్గర వరసలో నిలబడి
ప్రాణంతో ఉన్న కార్ప్ చేపని తెచ్చి
తొట్టిలో వదలడం మా ఇళ్ళల్లో రివాజు.
బురద వాసన పోవాలని పెద్దవాళ్ళంటారు.
రివాజు నాకు తెలుసు.
మా ఆయన అప్పుడే తెచ్చేసిన సంగతి తెలీదు.

మూడు కిలోలుంటుంది.
మూతి పక్కన మీసాలు.
మా డిపో మేనేజరులా
నోరు తెరుస్తూ మూస్తూ
ఏమీ చెప్పకుండా నన్ను చూసింది.

ఏం చేస్తాను?
బకెట్లోకి మారిస్తే తోక పట్టదు.
బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ బేసిన్‌లో వేడినీళ్ళు పోసి
రెండు చెంచాల మృత సముద్రం కలిపి
కమోడ్ మూత మీద కూర్చుని కాళ్ళు పెట్టాను.
మహారాణీ వైభోగం
చీలమండల దాకానే వచ్చింది.

మొహానికి మట్టి పూసుకున్నాను.
సీసా మీద రాసుంది:
పావుగంట కదలకండి, నవ్వకండి,
అందమైన సంగతులు తలుచుకోండి.
తలుచుకోబోతే
ఆఖరి స్టాపులో నిద్రపోయిన తాగుబోతు,
పట్టాల మలుపులో గడ్డకట్టిన మంచు,
వెనక బోగీలో ఎవరో మర్చిపోయిన ఒంటి బూటు
ఎక్కి కూర్చున్నాయి, టిక్కెట్టు లేకుండా.

చేప ఒక పక్కకి ఒత్తిగిలింది.
దానికి బురద వదలాలని తొట్టి.
నాకు బురద అంటాలని పద్నాలుగు వందల క్రౌన్లు.
ఆ ముక్క తట్టగానే
లోపలెక్కడో బ్రేకు జారింది.
నవ్వు. పొట్ట పట్టుకునే నవ్వు.
బుగ్గల మీద మట్టి పెటపెటా పగిలి
ఎండిన చెరువు పెళ్ళల్లా ఒళ్ళో రాలింది.
చేప తోకతో ఒక్కటేసింది.
కొవ్వొత్తి ఆరింది.

చీకట్లో ఇద్దరం కాసేపు అలాగే ఉన్నాం.
కుళాయి చుక్క. నీళ్ళు కదిలిన చప్పుడు.
ఇరవై రెండేళ్ళలో
నా వీపు వెనక ఎవరూ గంట నొక్కని పావుగంట
అదొక్కటే.

ఇరవై నాలుగు సాయంత్రం సంగతా?
బంగాళాదుంప సలాడ్ బాగా కుదిరింది.
చేప ముక్క రెండోసారి వడ్డించుకున్నాను,
అబద్ధమెందుకు.

ఇరవై ఏడున తొట్టిని మూడుసార్లు తోమి
నిండా నీళ్ళు, నిండా నురగ, ఏడు చుక్కల గులాబీ,
మెడ దాకా మునిగాను.
అంతా పెట్టె మీద బొమ్మలో ఉన్నట్టే.
ఐదు నిమిషాలకి విసుగొచ్చింది.
మాట్లాడబోయి అటు చూశాను.
నురగ.

లేచి ఒళ్ళు తుడుచుకుంటుంటే
మడమకి గరుగ్గా ఏదో తగిలింది.
గోరంత పొలుసు.
పర్సులో దాచుకుంటే ఏడాదంతా డబ్బుకి లోటుండదంటారు.
దాచుకున్నాను.

మర్నాడు తెల్లారకముందే డ్యూటీ.
మీట మీద చెయ్యి వేస్తే కాయ కాయలాగే ఉంది.
చిల్లర కోసం పర్సు తెరిచినప్పుడు మాత్రం
పొలుసుకి గులాబీ వాసన.